ఫ్లెక్కా వెనక్కి తిరిగిన వాగు

మా కాల్డవిక్‌లో జులై వచ్చిందంటే పొద్దున్నే వినిపించేది పిట్టల కూత కాదు, రాళ్ళ శాస్త్రం చెప్పే ప్రొఫెసరు స్టేన్‌వోర్ డ్రిల్లు మోత. భుజాన నీళ్ళ క్యాను, జేబులో ఎండుచేప ముక్కలు. నల్లటి కొండకి బొటనవేలంత కంతలు పెట్టి, రాతి కడ్డీలు బయటికి లాగి, ఏది పైవైపో తెలిసేలా ఒక్కోదాని మీద బాణం గుర్తు గీసి సంచిలో వేసుకునేది. నలభై ఒక్క వేసవులు అదే పని. కొండకి పురుగు పట్టిందని మేం ఎగతాళి చేసేవాళ్ళం. ఆమె నవ్వేసి ఇంకో కంత పెట్టేది.

లావా చల్లారేటప్పుడు అందులోని ఇనుప రేణువులు అప్పటి ఉత్తరం వైపు తిరిగి అలాగే బిగుసుకుపోతాయి. భూమి అయస్కాంత ఉత్తర దక్షిణాలేమో అప్పుడప్పుడు తారుమారవుతుంటాయి. ఏ రాయి ఏ ఉత్తరాన్ని చూసి పుట్టిందో చెప్పడమే ఆమె విద్య. మాకు అదేం వింతగా తోచలేదు. మా ఊరి కాపరి ఇస్లేవూర్ మందలో ముందు నడిచే గొర్రెల వంశమంతా, గిట్టల కింది రాయి పుట్టిననాటి ఉత్తరాన్ని బట్టే నడుస్తుంది. ఇప్పుడు ముందు నడిచేది ఫ్లెక్కా అనే మచ్చల గొర్రె. ఊరు కొండకి ఉత్తరాన ఉంది కాబట్టి మంద ఎంత పొగమంచులోనైనా ఇల్లు చేరుతుంది.

స్టేన్‌వోర్‌కి ఒక్కటే కడుపుమంట. ఇరవై తొమ్మిదేళ్ళప్పుడు రేవు పక్క చరియలో ఆమెకి ఒక పలచటి పొర దొరికింది. పైనా కిందా ఉన్న రాళ్ళన్నీ ఉత్తరం చూస్తుంటే ఆ పొర ఒక్కటే దక్షిణం చూసింది. భూమి ఉత్తరం కొద్దికాలం అటు తిరిగి మళ్ళీ ఇటు తిరిగిందని ఆమె రాసింది. ఆమె గురువు థోర్‌బెర్గూర్ నిండు సభలో లేచి, "ఈ అమ్మాయి కడ్డీలు తలకిందులుగా పట్టుకుని బాణాలు గీసింది" అన్నారు. సభ గొల్లుమంది. మళ్ళీ తవ్వి చూపిద్దామంటే ఆ చలికాలమే చరియ విరిగి సముద్రంలో పడింది. అప్పట్నుంచీ పాఠ్యపుస్తకాల్లో ఆ పొర పక్కన ప్రశ్నార్థకం ఉండిపోయింది. ఈ అక్టోబరులో ఆమెకి డెబ్బై నిండుతాయి, ఉద్యోగం అయిపోతుంది. ప్రశ్నార్థకంతోనే ఇంటికి పోవాలా అన్నదే ఆమె బాధ.

ఏటా సెప్టెంబరులో ఆమె రాజధానిలో పాఠాలు చెప్పుకుంటుంటే, మేం కొండెక్కి వేసవంతా విచ్చలవిడిగా తిరిగిన గొర్రెల్ని ఊళ్ళోకి తోలుకొస్తాం. ఈ ఏడు ఆమె తరగతులు వేరేవాళ్ళకి ఇచ్చేశారు. ఊరికే కూర్చోలేక మాతో వచ్చింది.

"వాగు దగ్గరికి రాగానే మందని ఎడమకి మళ్ళించు. లోపలికి మాత్రం పోనివ్వకు," అని ఇస్లేవూర్ రెండుసార్లు చెప్పాడు.

ఆమె సరేనంది. సరేనని, దారిలో ఏదో రాయి కనబడితే దాని ముందు కూలబడింది. తలెత్తేసరికి ఫ్లెక్కా వాగులోకి దిగిపోయింది, వెనకాలే మూడొందల గొర్రెలు.

వాగు మధ్యలో నాచు పట్టిన రాతిమెట్టు ఒకటుంది. ఫ్లెక్కా దానిమీద కాలు పెట్టింది, ఆగింది, నిదానంగా వెనక్కి తిరిగి దక్షిణానికి నడక సాగించింది. మంద మొత్తం తిరిగింది. పొద్దుట్నుంచీ దింపిన మంద మళ్ళీ కొండ మీదికి పోతుంటే ఇస్లేవూర్ టోపీ నేలకేసి కొట్టాడు.

"ఎడమకి అన్నానా లేదా? చదువు ఎక్కువై చెవులు మూసుకుపోయాయా నీకు?"

స్టేన్‌వోర్ కదల్లేదు. "ఇది ఇక్కడ ఎప్పుడూ ఇలాగే తిరుగుతుందా?"

"దీని తల్లి తిరిగింది, దీని అమ్మమ్మా తిరిగింది. మా తాత నాటి నుంచీ ఈ వాగులోకి మందని తోలం. ఊళ్ళో పాలుతాగే పిల్లని అడిగినా చెబుతుంది!"

"నలభై ఏళ్ళుగా నాకెవరూ చెప్పలేదేం?"

"నువ్వు రాళ్ళ గురించే అడిగావు. గొర్రెల గురించి ఎప్పుడడిగావు?"

ఆమె చినుకుల్లో మోకాళ్ళ మీద కూర్చుని గోళ్ళతో నాచు గీకింది. రేవు పక్క సముద్రంలో పోయిన అదే పలచటి పొర, అవే బూడిదరంగు చుక్కలు. నవ్వుతోందో ఏడుస్తోందో మాకు అర్థం కాలేదు. రెండూ చేశానని తర్వాత తనే ఒప్పుకుంది.

డ్రిల్లు మాత్రం ముట్టలేదు. థోర్‌బెర్గూర్‌కి ఫోన్ చేసింది. "పొర దొరికింది. ఈసారి బాణాలు మీ చేత్తో గీయాలి."

"నాకు ఎనభై ఆరేళ్ళమ్మా."

"కొండకి ఇంకా ఎక్కువ. రండి."

వచ్చారు. ఇస్లేవూర్ ఆయన్ని గుర్రం మీద వాగు దాకా తీసుకెళ్ళాడు. ఫ్లెక్కాని మెట్టు మీద నిలబెడితే అది వెనక్కి తిరిగింది. ఆయన వంగి మెట్టుని చేత్తో తడిమారు.

"గొర్రె సంగతి సరే. శాస్త్ర పత్రికలో దాని సంతకం చెల్లదు. డ్రిల్లు ఆడించు."

అయస్కాంతం నిండిన రాతి దగ్గర మామూలు దిక్సూచి మాట నమ్మలేం, సూర్యుడి నీడతోనే దిక్కు చూసుకోవాలి. మధ్యాహ్నానికి మబ్బు విడిచింది. స్టేన్‌వోర్ డ్రిల్లు ఆడించింది, ఇస్లేవూర్ పదకొండు కడ్డీలు బయటికి లాగాడు. థోర్‌బెర్గూర్ తన చేత్తో పదకొండు బాణాలు గీసి, ఒక్కోదాని పక్కనా తన పొడి అక్షరాలు వేశారు. స్టేన్‌వోర్ వాటిని వేలితో కూడా తాకలేదు.

వారం తర్వాత ప్రయోగశాలలో కడ్డీల్ని ఆయనే యంత్రంలో పెట్టారు. మొదటిది దక్షిణం. రెండోది దక్షిణం. ఏడోదానికి ఆయన కళ్ళజోడు తుడుచుకున్నారు. పదకొండూ దక్షిణమే.

ఆయన యంత్రం ఆపి కూర్చున్నారు. "ఆ రోజు నేను నీ కడ్డీలు చూడనే లేదమ్మా. నీ వయసు చూశాను."

ఈ క్షణం కోసం నలభై ఏళ్ళుగా ఆమె ఎన్ని మాటలు దాచుకుందో లెక్కలేదు. వాటి అవసరం తీరిపోయినందుకు ఆమెకి చెప్పలేనంత హాయిగా ఉంది. కాఫీ పోసి ఆయన ముందు పెట్టి, పక్కన కాగితం పెట్టింది.

"ఇప్పుడు చూశారుగా. రాయండి."

కోటు కూడా విప్పకుండా ఆయన పత్రికకి ఉత్తరం రాశారు. తప్పు నాది అనే మొదలుపెట్టారు. ప్రశ్నార్థకం తీసేయమన్నారు. పొరని కనుగొన్నది స్టేన్‌వోర్ అని రాసి, సంవత్సరం వేసి, సంతకం చేసి ఇచ్చారు.

ఆమె చివరిదాకా చదివి కాగితం వెనక్కి తోసింది.

"సంవత్సరం తప్పు వేశారు. ఇది ఈ ఏడాది కనుక్కున్నది కాదు. అప్పుడు నాకు ఇరవై తొమ్మిదేళ్ళు."

ఆయన ఈ ఏడాదిని కొట్టేసి, ఆ ఏడాది వేశారు.