తొంభైకి తగ్గకుండా

తొమ్మిది రోజులైంది సుమన కంటి మీద కునుకు లేక. ఏడో నెలలోనే పుట్టిన బిడ్డ ఆస్పత్రిలో అద్దాల పెట్టెలో ఉంది. పెట్టె పక్కన ఒక యంత్రం, దాని తెర మీద నీలం అంకె. బిడ్డ ఒంట్లో ఆక్సిజన్ ఎంతుందో చెప్పే అంకె అది. తొంభైకి తగ్గకూడదని మొదటిరోజు నర్సు ఏ ముహూర్తాన అన్నదో గానీ, సుమన చూపు అక్కడే అతుక్కుపోయింది. తొంభై నాలుగైతే కూర్చుంటుంది, తొంభై ఒకటైతే లేచి నిలబడుతుంది. యంత్రం కీచుమంటే చాలు, పై ప్రాణాలు పైనే పోతాయి.

మొక్కులూ అలాగే తయారయ్యాయి. మొదట్లో “మార్కండేయ స్వామీ, నా బిడ్డను సల్లగ చూడు” అని దండం పెట్టుకున్న మనిషి, ఇప్పుడు “స్వామీ, తొంభై రెండు చెయ్యి, ఒక్కటంటే ఒక్కటి పెంచు” అంటోంది. అంకె పెరిగితే దేవుడున్నాడు, తగ్గితే లేడు. పాపం, ఆ స్వామి గంటకు పదిసార్లు ఉంటున్నాడు, పదిసార్లు పోతున్నాడు.

పక్కనే అత్త వజ్రమ్మ. బతుకుతెరువుకు వలస వచ్చి, బమ్రోలిలో ముప్పై ఏళ్లు మరమగ్గాల మధ్య కండెలు చుట్టింది. ఆ మోతకు చెవులు ఎప్పుడో పోయాయి. యంత్రం కూతలు ఆమెకు వినపడవు. అద్దానికి ముక్కు ఆనించి పిల్లను చూస్తూ తనలో తాను నవ్వుకుంటుంది. ఆ నవ్వు చూస్తే సుమనకు ఒళ్లు మండేది. ఈమెకేం, కన్నది నేను కదా అనుకునేది.

పాలు పడుతున్నా పిల్ల బరువు పెరగడం లేదు. తల్లి గుండెల మీద ఒంటికి ఒళ్లు ఆనేలా పడుకోబెట్టుకోవాలని మూడు రోజులుగా డాక్టరు చెబుతూనే ఉన్నాడు. సుమన ససేమిరా అంది. పడుకుంటే యంత్రం తలవెనక్కి వెళ్తుంది, అంకె కనబడదు. తను చూస్తున్నంతసేపే అది నిలబడుతుందని ఆమె గట్టి నమ్మకం.

ఆ మధ్యాహ్నం సచిన్ అనే ఊళ్లోని మగ్గాల షెడ్డు నుంచి మొగుడు ప్రణయ్ ఫోన్ చేస్తే, సుమన వరండాలోకి వచ్చి ఎత్తింది. మగవాళ్లను లోపలికి రానివ్వరు. పుట్టిన రోజున బిడ్డను చుట్టిన గుడ్డల మూట తప్ప అతను చూసిందేమీ లేదు. వెనక మోతలో గొంతు చించుకుంటున్నాడు.

“ఎట్లుంది బిడ్డ?”

“తొంభై మూడు.”

“గది కాదే! ఎవలి లెక్కున్నది, నీ పోలికనా నా పోలికనా? కండ్లు తెరుస్తుందా? నెత్తిమీద ఎంటికలున్నయా?”

వెంట్రుకలా? టోపీ ఉంది. ఆ టోపీ ఏ రంగు? ఛీ ఛీ, ఇదేం తల్లితనం! గురువారం పొద్దున ఆరింటికి ఎనభై ఎనిమిదికి పడిందని చెప్పగలదు, కన్నబిడ్డ ముఖం చెప్పలేదు.

“జర ఆగు, చూసి చెప్త” అని ఫోన్ పెట్టేసింది. సిగ్గుతో చచ్చిపోతూ లోపలికొచ్చి అత్త భుజం తట్టింది. వజ్రమ్మ పెదవుల కదలిక చూసి మాట పట్టుకుంటుంది. మగ్గాల దగ్గర బతికినవాళ్లందరికీ అది అలవాటే.

“అత్తమ్మా, పిల్ల ఎట్లున్నది?”

వజ్రమ్మ ముఖం వెలిగిపోయింది. “మొన్న పెదువులు నల్లగుండె, నిన్నటిసంది ఎర్రగైనయ్. పొద్దున రెండుసార్లు ఆవులిచ్చింది. నర్సు సూది పెడితే కోపమొచ్చి కాలుతోటి ఒక్కటి తన్నింది! గీ పోరి బతుకుతది బిడ్డా. నువ్వే ఇటు చూస్తలేవు.”

సుమన పక్కనున్న పడక కుర్చీలో వెనక్కి వాలింది. నర్సును పిలిచి బిడ్డను ఇవ్వమంది.

గుప్పెడు ప్రాణం గుండెల మీదికి వచ్చింది. వెంటనే వెనక యంత్రం కీచుమంది. సుమన దిగ్గున తల తిప్పబోయింది. ఆ ముఖం చూసిన వజ్రమ్మ కోడలి గడ్డం పట్టుకుని ఆపింది. “నర్సు చూసుకుంటది. నువ్వు బిడ్డను చూడు.” నర్సు బిడ్డ పాదం నుంచి ఊడిన యంత్రం పట్టీ సర్ది, ఏం లేదన్నట్టు తలూపింది.

ఇంతలో కడుపు మీద వెచ్చగా ఏదో జారింది. రక్తమా! కెవ్వుమనబోతూ కిందికి చూసింది. డైపరు పక్కకు తొలగి, మహాతల్లి ఉచ్చ పోసింది. పోసి, ఏమీ ఎరగనట్టు ఒక కన్ను తెరిచి తల్లి వైపు చూసింది.

సుమనకు నవ్వొచ్చింది. నవ్వుతూనే భోరుమంది. “ఓ నా తల్లో, నువ్వానే! నువ్వేనానే!”

నర్సు గుడ్డతో తుడిచి, బిడ్డను మళ్లీ పెట్టెలో పెట్టడానికి చేతులు చాచింది. సుమన చెయ్యి అడ్డం పెట్టింది.

“రుకో సిస్టర్, జర ఆగు. నేనింక దీన్ని సక్కగ చూడనే లేదు.”