ఎవరూ చూడని దెబ్బ

మా స్టేడియంలో ఆట జరిగే ఆదివారాల్లో డెబ్బై వేలమంది అరుస్తుంటారు. వాళ్ళందరికీ పైన, ఏడో అంతస్తులో అద్దాల గదిలో నేనొక్కదాన్నే నోరు మూసుకుని కూర్చుంటాను. నా ముందు నాలుగు తెరలు, ఒక బైనాక్యులర్స్, కింద రిఫరీకీ డాక్టర్లకూ నేరుగా వినబడే మైకు. బంతి ఎటు పోయిందో నాకు పట్టదు. తలలు చూడటం నా పని. ఎవరి తలకైనా దెబ్బ తగిలిందని అనుమానమొస్తే ఆట ఆపించి, అతణ్ణి పరీక్షకి పంపిస్తాను. ముప్పై ఏళ్ళు కాలేజీ జట్లలో, హెల్మెట్లు పెట్టుకుని బంతిని చేత్తో పట్టి ఆడే మా అమెరికన్ ఫుట్‌బాల్‌లో, కట్లు కట్టినదాన్ని. మా ఆయన పోయాక ఇంట్లో ఆదివారాలు గడవక ఈ పనికి ఒప్పుకున్నాను.

ఆ డిసెంబరు చివరి ఆదివారం ఆడింది సీజన్‌లో ఆఖరి మ్యాచ్. గెలిస్తే ప్లేఆఫ్స్‌కి వెళ్తాం. పదకొండేళ్ళుగా వెళ్ళలేదు. మూడో క్వార్టర్‌లో మావాడొకడు బంతి పట్టుకుని పరిగెడుతుంటే ఎదుటి జట్టువాడు గాల్లోకి ఎగిరి గుద్దాడు. ఆ చప్పుడు అద్దాల్లోంచి కూడా వినిపించింది. స్టేడియమంతా ఒక్కసారి గుండెలు పట్టుకుంది. కాని అతను లేచి, దులుపుకుని, నవ్వుతూ నడిచాడు.

అదే సమయంలో నేను మా జట్టు అరవై నాలుగో నంబరు వైపు చూస్తున్నాను. ఆమోస్ టోలివర్. బంతిని కాళ్ళ సందులోంచి వెనక్కి అందించి, మరుక్షణం ఎదుటివాడి మీదికి దూకడం అతని పని. ముప్పై ఒక్క ఏళ్ళవాడు, గుమ్మమంత మనిషి. అతను మామూలుగానే లేచాడు, తిన్నగానే నడిచాడు. నడిచి వెళ్ళి ఎదుటి జట్టు వరసలో నిలబడ్డాడు. పక్కనున్న సహచరుడు చొక్కా పట్టుకుని ఇటు లాక్కొచ్చాడు. తెర మీద వెనక్కి తిప్పి చూశాను. పెద్ద దెబ్బేమీ లేదు. కింద పడి ఉన్నప్పుడు ఎవరిదో మోకాలు అతని హెల్మెట్‌కి పక్కనుంచి తగిలింది, అంతే.

మైకు నొక్కాను.

అయిదు నిమిషాల తర్వాత కిందినుంచి డాక్టర్ సోరెన్సన్ గొంతు వినిపించింది. "లొరేన్ గారూ, అన్నీ సరిగ్గా చెప్పాడండి. ఊరు, తేదీ, ఎవరితో ఆడుతున్నదీ. ఆటలోకి పంపించేయమని కోచ్ నా ప్రాణం తీస్తున్నాడు."

"అయిదు మాటలు గుర్తుపెట్టుకోమన్నారు కదా? ఇంకాసేపాగి మళ్ళీ అడగండి. కోచ్‌ని కాసేపు అరవనివ్వండి."

ఆయన ఆగి అడిగాడు. అయిదింటిలో ఒక్కటి చెప్పాడట ఆమోస్. ఇక ఆటలోకి పంపలేదు. అతని బదులు దిగిన కొత్తవాడు చివరి నిమిషంలో బంతిని అందుకోవాల్సినవాడి తలమీంచి విసిరేశాడు. ఓడిపోయాం.

నా పేరెలా బయటికొచ్చిందో తెలియదు. మంగళవారానికల్లా రేడియోలో వచ్చింది. ఆమోస్ స్కాన్‌లో ఏమీ లేదని బుధవారం పత్రికలో రాశారు. ఆ రోజే తమ్ముడు స్టాన్ ఫోన్ చేశాడు.

"స్కాన్ క్లీన్‌గా ఉందటగా అక్కా. మరి ఎందుకాపించావు?"

"స్కాన్‌లో నెత్తురు కారితే కనిపిస్తుందిరా, ఎముక విరిగితే కనిపిస్తుంది. ఇలా మెదడు అదిరితే కనిపించదు."

"మిషన్‌కి కనిపించనిది ఏడో అంతస్తులోంచి నీకు కనిపించిందా? భలేదానివే!"

"వాడు ఎదుటి జట్టులో నిలబడ్డాడురా."

"మన నాన్నా అప్పుడప్పుడూ పొరపాటున పక్కింటి గుమ్మం తొక్కేవాడు. ఆయన్ని ఎవరూ ఆస్పత్రికి పంపలేదే!"

నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. ఆటల్లేని ఆదివారాల్లో వాళ్ళింటికి భోజనానికి పిలిచేవాడు, ఆ ఆదివారం రమ్మనలేదు. తర్వాతి ఆదివారమూ పిలవలేదు. సూపర్‌మార్కెట్‌లో బిల్లు కొట్టే అమ్మాయి చిల్లర నా చేతిలో పెట్టకుండా బల్ల మీద పెట్టింది.

ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం ఇంటి ముందు కారాగింది. నడిపింది ఆమోస్ భార్య షెరీస్. మబ్బుపట్టిన రోజైనా అతను నల్లకళ్ళద్దాలు పెట్టుకుని, టోపీ కనుబొమల దాకా లాక్కుని ఉన్నాడు. నామీద అరవడానికొచ్చాడేమో అనుకుని తలుపు దగ్గరే నిలబడిపోయాను.

"మేడమ్, లోపల కర్టెన్లు వేస్తారా?" అన్నాడు.

వేశాను. ఆరువారాలుగా చీకటి గదిలోనే ఉంటున్నాడట. వెలుతురు పడితే వాంతులు. మొదటివారం జట్టువాళ్ళు వరసగా మెసేజ్‌లు పెట్టారట.

"తర్వాత మానేశారు. వాళ్ళనేం అంటాం? నన్ను చూస్తే వాళ్ళ తలలు వాళ్ళకి గుర్తొస్తాయి."

"నేను మోసం చేశాను మేడమ్," అన్నాడు. సీజన్ మొదట్లో అందరికీ జ్ఞాపకశక్తి పరీక్ష పెడతారు. దెబ్బ తగిలాక పెట్టే పరీక్షని దానితోనే పోలుస్తారు. దాన్ని కావాలనే మందకొడిగా రాశాడట, తర్వాత తేడా తెలియకుండా. "ఏటా అలాగే రాశాను. ఇలా బుర్ర తిరిగిపోవడం నాకిది ఆరోసారో ఏడోసారో. ఎవరూ చూళ్ళేదు. మీరే చూశారు."

"ఇన్నిసార్లని నాకూ చెప్పలేదు," అంది షెరీస్, అతని వైపు చూడకుండా.

నేను సూప్ వేడిచేశాను. అతను నాలుగు చెంచాలు తాగి గిన్నె పక్కకి జరిపాడు.

"ఆ రోజు మా అమ్మ వచ్చిందట. నాకు దెబ్బలు తగలడం చూడలేనని అన్నేళ్ళూ రాని మనిషి. ఆట మొదలవకముందు నేను కంచె దగ్గరికెళ్ళి కౌగిలించుకున్నానట. నాకు ఏదీ గుర్తులేదు. మీ దగ్గర అన్ని కెమెరాలున్నాయిగా. మీరు చూశారా?"

అబద్ధం చెబుదామని నోటిదాకా వచ్చింది. పచ్చకోటు వేసుకుందనో, ఏడ్చిందనో చెబితే నమ్మేవాడే.

"లేదు బాబూ. ఆట మొదలయ్యేదాకా నేను ఎవరినీ చూడను."

తలాడించాడు.

ఏప్రిల్‌లో డాక్టర్లు ఇక ఆడకూడదని తేల్చేశారు. రోజూ ఏం జరిగిందో ఎవరికో ఒకరికి వరసగా చెబుతుండమని వైద్యం చేసే ఆవిడ అతనికి చెప్పిందట. నాకు ప్రతి గురువారం ఫోన్ చేసేవాడు. పొద్దున ఏం తిన్నాడో, కుక్క ఏం కొరికిందో చెప్పేవాడు. ఒక్కోసారి చెప్పిందే మళ్ళీ మొదలుపెట్టేవాడు. నేను కొత్తగా విన్నట్టే, "అయ్యో, చెప్పూ!" అనేదాన్ని. ఒక గురువారం, "ఇది పోయినవారం చెప్పాను కదూ?" అని తనే ఆగి నవ్వాడు. ఫోన్ పెట్టేశాక కళ్ళు తుడుచుకున్నాను.

ఆగస్టుకి పుస్తకం చదవగలుగుతున్నాడు. కళ్ళద్దాలు తీసేశాడు. ఒక స్కూల్లో చెక్కపని నేర్పే ఉద్యోగంలో చేరాడు. సెప్టెంబరులో ఫోన్లు తగ్గాయి, అక్టోబరులో ఆగిపోయాయి. అతనికిప్పుడు రోజు ఎలా గడిచిందో చెప్పుకోవడానికి ఇంట్లో మనుషులున్నారు, బళ్ళో పిల్లలున్నారు. బాగుపడ్డాడంటే అదే కదా. నాకు సంతోషంగానే ఉంది. గురువారం సాయంత్రాలు మాత్రం ఫోన్ వంటింటి బల్ల మీద పెట్టుకునే బంగాళాదుంపల తొక్క తీస్తుంటాను.