పసుపు పూసిన గోరింక

పలమనేరు పాలకేంద్రంలో పాలు పోసి ఇంటికొచ్చేసరికి, మా అత్త తిరుమలమ్మ గంప కింద గోరింక కూనను పెట్టుకోని కూసోనుండాది. పిల్లి నోట్లోంచి లాక్కునిందంట! సరిగ్గా ఎగరను కూడా రాదు దానికి. కంటి చుట్టూ పచ్చగా ఉండాది.

"మన పెంకుల కింద కాపురముండే గోరింకలదే అత్తా! దీన్ని బిన్నా తీసుకుపోయి వాళ్లమ్మకు చేర్చకపోతే ఆకలికి సచ్చిపోతుంది," అన్నాను. గోరింకలంటే నాకు తెలీదా? పొద్దస్తమానం వాటి గోలే గదా మా ఇంట్లో! తీసుకుపోయి గూటి పక్కన గోడ మీద పెట్టినాను.

అంతే! రెండు గోరింకలు రయ్యిమని వచ్చి కూనను పొడవబట్టినాయి.

"మీ పాడుగాను! కన్నబిడ్డనే పొడుస్తారా?" అని కొంగుతో తోలి, దాన్ని గుండెకు హత్తుకున్నాను.

పక్కింటి ఆయిషా బీ గోడ మీంచి తొంగిచూసింది. "పంకజాక్షీ, దాని ముక్కు మొదట్లో సూడు మే! నాలుగు ఎంటికలు నిక్కబొడుచుకోనుండాయి. మన గోరింకకు యాడుంటాయి? ఒళ్లు కూడా బూడిద రంగు. ఇది అడవి గోరింక!"

"మరి కంటి చుట్టూ పసుపు, ఆయిషక్కా? అది మన గోరింకలకే గదా?"

అత్త నేలచూపులు సూసింది. "పిల్లి గీరిందని నేనే పసుపు, నూనె కలిపి పూసినాను."

నవ్వాలో ఏడవాలో తెలీలేదు! తడిగుడ్డతో తుడిస్తే ఆ పసుపు ఇంకా పరుచుకుంది. పొద్దు వాలతా ఉండాది. కూన నోరు తెరవడం కూడా మానేసింది. ముగ్గురం మల్బరీ తోటకు పరిగెత్తినాము. ఆడ ఎండిపోయిన కొబ్బరిమాను తొర్రలో అడవి గోరింకలుంటాయి. మోకాళ్ల నొప్పులు ఏమైపోయినాయో గానీ, అత్తే అందరికంటే ముందు!

మాను మొదట్లో కూనను పెట్టి, దూరంగా నిలబడినాము.

"ఈ పచ్చమొగం సూసి ఇవి కూడా పొడిస్తే?" అన్నాను.

కూన సన్నగా కూసింది. నోట్లో మిడతతో ఒక అడవి గోరింక దిగింది. ఇటునుంచి సూసింది, అటునుంచి సూసింది. మిడతను కూన గొంతులో కుక్కేసింది!

"తినింది మే, తినింది!" ఆయిషక్క నన్ను పట్టుకోని గెంతింది. సంతోషం పట్టలేక నేను ఏడ్చేసినాను.

అత్త నడుం మీద చేతులు పెట్టుకునింది. "దానికి ఏడుపెందుకు మే? నీ మొగుడికి చిన్నప్పుడు అమ్మోరు పోసి మొగమంతా పసుపే పూసినాము. నా బిడ్డ కాదని తోసేసినానా?"