పాత పంపు

నా ల్యాబు గదిలో వేలిముద్ర వేసినవాడు నాకు పగవాడు. లోహం పైపొర మీద, వెంట్రుక మందంలో వెయ్యో వంతు కూడా లేనంత చోట, ఇరవై ఏళ్లుగా బతుకుతున్నదాన్ని. వెనకాల నన్ను 'సబ్బు మేడమ్' అంటారట. అననీ!

నేను కనిపెట్టిన పూత పూస్తే గుండె వాల్వు మీద రక్తం గడ్డకట్టదు. పరీక్షలన్నీ మా గదిలో పూసిన వాల్వులతోనే జరిగాయి, నెగ్గాయి. ఇప్పుడు ఫ్యాక్టరీలో పూస్తున్నారు. ఆ మొదటి విడతలోదే ఈ ఉదయం మా బావకు పెడుతున్నారు. "మా మరదలి వాల్వు తప్ప వేరేది ముట్టను" అని భీష్మించుకున్నాడు మహానుభావుడు.

అదే విడతలోని ఇంకొకటి నా బల్ల మీదకు వచ్చింది. ముచ్చటకొద్దీ, పైపొరలో ఏముందో గీత గీసి చూపే యంత్రంలో పెట్టి చూశాను. గీత నున్నగా వచ్చింది. మా వాల్వుల గీతలో ఎప్పుడూ ఒక చిన్న మిట్ట ఉండేది. పూత పూసేటప్పుడు మా పాత వాక్యూమ్ పంపు నూనె ఆవిరి కక్కేది. ఆ మురికే కదా అని ప్రతిసారీ ఆ మిట్టను వదిలేసేవాళ్లం. ఫ్యాక్టరీలో నూనె లేని పంపే పెట్టాలని మూడేళ్లు పోట్లాడింది కూడా నేనే.

అనుమానమొచ్చింది. మా పాత వాల్వు మీద రక్తపు చుక్క వేసి వంచాను. జారిపోయింది. కొత్తదాని మీద వేశాను. వంచాను. విదిలించాను. ఛీ, కదలదే!

ఇన్నాళ్లూ రక్తం గడ్డకట్టకుండా ఆపింది నా పూత కాదు, ఆ నూనె మురికి. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేను పట్టుకుని తరిమేశాను, ఇంటికి కాపలా వాడేనని తెలియక. ఇరవై ఏళ్ల కష్టం బూడిదలో పోసిన పన్నీరైందని ఏడుపొచ్చింది. అంతలో బావ గుర్తొచ్చాడు.

అక్కకు ఫోన్ చేశాను. ఎత్తలేదు. ఆసుపత్రికి చేస్తే లైన్లో ఉండమని పాట వినిపించారు. మళ్లీ అక్కకే చేశాను. ఐదోసారికి ఎత్తింది.

"అయిపోయిందే! ఇప్పుడే బయటికి తెచ్చారు. ఇంత శుభ్రమైన వాల్వు తన సర్వీసులోనే చూడలేదన్నాడు డాక్టరు. నీ వాల్వుకి రక్తం పలచబడే మందు కూడా అక్కర్లేదట కదా, ఆపేశారు."

"అక్కా, డాక్టర్‌కి ఫోనివ్వు. పరిగెత్తు!"

"ఎందుకే అంత కంగారు? థాంక్స్ నేను చెప్పేశాలే" అని నవ్వింది అక్క.