కిటికీ ఊచకి కట్టిన జడ

పొద్దున ప్రార్థన అవగానే ఆశ్రమం వసారాలో తలలు దువ్వడం మొదలయ్యేది. ఆడపిల్లలు గోడవారన వరసగా కూర్చునేవారు. సరోజిని పీట మీద కూర్చుని, ఒక్కొక్కళ్ళనే మోకాళ్ళ మధ్య కూర్చోబెట్టుకుని, నూనె రాసి, చిక్కు తీసి, పేలు చూసి, జడ వేసి పంపేది. బందరు గాలికి ఎంత దువ్వినా మధ్యాహ్నానికి మళ్ళీ చిక్కే. అయినా ఆ పని ఆయాకి అప్పజెప్పడానికి ఆమెకి మనసొప్పేది కాదు. రోజు మొత్తంలో ఆమె ఇంకో మనిషిని ముట్టుకునేది ఆ కాసేపే.

ఆమెది గుడివాడ దగ్గర పల్లెటూరు. భర్త కాంతారావు మిషను బడిలో మేష్టరుగా ఉండేవాడు. పెళ్ళయిన రెండో ఏడు విషజ్వరంతో పోయాడు. ఆమె ట్రైనింగు చదువుకుని బందరు వచ్చి, ఈ అనాథాశ్రమంలో మేట్రనుగా చేరింది. అప్పట్నించీ అందరికీ మేట్రన్ గారే. సరోజినీ అని పిలిచేవాళ్ళు ఒక్కొక్కళ్ళే తగ్గిపోతూ వచ్చి, ఇప్పుడు ఎవరూ మిగల్లేదు.

వరసలో చివర కూర్చునే పిల్ల పేరు రూతు. ఆ పేరు ఆశ్రమం పెట్టింది. ఆ ఏడు కార్తీకంలో వచ్చిన గాలివానకి సముద్రం దివిసీమ లంకల మీదికి పొర్లినప్పుడు, సాయానికి వెళ్ళిన పడవలోకి ఎవరో ఎక్కించారు. అవనిగడ్డలో కొన్నాళ్ళు ఉంచి, అడగడానికి ఎవరూ రాకపోయేసరికి బందరు పంపారు. ఆడపిల్ల, ఏడేళ్ళుండొచ్చు, మాట్లాడదు, టీకాలు వేశాం. తీసుకొచ్చిన మనిషి చెప్పింది అంతే.

రూతు జుట్టులో దువ్వెన పెట్టగానే జలజలా ఇసుక రాలేది. ఇసుకతోపాటు గవ్వముక్కలు, ఉప్పురాళ్ళు, మడచెట్ల ఆకులు, ఎండురొయ్యల తలకాయలు. ఒక్కోరోజు బతికున్న చిన్న పీత ఒకటి కిందపడి అడ్డంగా పరిగెత్తేది. ఎంత శుభ్రంగా దువ్వినా మర్నాటికి మళ్ళీ అంతే. తుఫానులోంచి వచ్చిన పిల్ల కదా అనుకున్నారు అందరూ. రెండుసార్లు ఊడవాల్సొస్తోందని ఆయా సణిగేది. రాలిన ఉప్పుని వంటమనిషి సుగుణమ్మ చేటలోకి ఎత్తి చారులో వేసేది. ఆశ్రమం కార్యదర్శి రాజారత్నం గారు మాత్రం, "దొరలకి పన్ను కట్టని ఉప్పమ్మా అది, ఎవరన్నా వింటే బాగుండదు" అని కంగారుపడ్డారు.

అందరికీ ఇబ్బంది కలిగించింది వేరే సంగతి. కాస్త గాలి లేస్తే చాలు, రూతు ఎక్కడున్నా లోపలికి పరిగెత్తుకొచ్చి కిటికీ ఎక్కి, తన జడని ఊచకి కట్టేసుకునేది. ముడి మీద ముడి, దాని మీద ఇంకో ముడి. ఇక అక్కణ్ణించి కదలదు. అన్నం తినదు, పక్కమీదికి రాదు, నిలబడ్డచోటే తడుపుకునేది. విప్పబోయిన వాళ్ళని కరిచేది. కొత్తగా వచ్చిన పిల్లలకి గుండు కొట్టించడం అక్కడి నియమం. మంగలి కత్తి తియ్యగానే అతని మణికట్టు పట్టుకుని ఎముక దాకా కొరికింది. ఆ పిల్ల జుట్టు జోలికి ఎవరూ పోకపోతే, కొన్నాళ్ళకి తనే వచ్చి సరోజిని ముందు వరసలో చివర కూర్చుంది. దువ్వనిచ్చేది. అంతకుమించి ఏమీ లేదు.

సంక్రాంతి ముందర ఓ రోజు, రూతు జడ విప్పబోయిన ఇంకో పిల్ల చెంప చీరుకుపోయింది. రాజారత్నం గారు సరోజినిని గదిలోకి పిలిచారు.

"మిగతా పిల్లల్ని కూడా చూసుకోవాలి కదమ్మా. మద్రాసులో పిచ్చాసుపత్రి ఉంది. పెద్ద పెద్ద డాక్టర్లున్నారు. అక్కడికి రాస్తాను."

"దానికి పిచ్చి లేదండీ. భయం. దేనికి భయమో మనకి తెలీదు. తెలీకుండా పంపిస్తే అక్కడ మాత్రం ఏం చేస్తారు? ముందు గుండు కొట్టిస్తారు."

"తెలుసుకోడానికి చెప్పేవాళ్ళెవరమ్మా? నోరు విప్పని పిల్ల, అడగడానికి రాని ఊరు." ఆయన కఠినుడేం కాదు. కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "వేసవి సెలవుల దాకా చూద్దాం" అన్నారు.

సరోజిని కాలేజీ గ్రంథాలయం నించి పిల్లల మనసుల మీద ఒక ఇంగ్లీషు పుస్తకం తెప్పించుకుంది. అందులో పిల్లలు గోళ్ళు కొరుక్కునేవారు, వేలు చీకేవారు, తమ్ముడు పుడితే అలిగేవారు. ప్రతి పిల్ల గురించీ ఎవరో ఒకరు చెప్పేవాళ్ళుండేవారు. తల్లో, దాదో, పక్కింటావిడో. ఆమె పుస్తకం మూసేసింది. తన చిన్నతనం గురించి చెప్పగలిగినవాళ్ళు కూడా ఇప్పుడెవరూ లేరని అప్పుడే తట్టింది.

ఒక పొద్దున దువ్వెనకి ఇసుక బదులు నీలం దారం తగిలింది. మెల్లగా లాగితే దారం వెనకాల గుడ్డ వచ్చింది. తెల్ల అంచున్న నీలం నేత గుడ్డ, జానెడు ముక్క. ఇంకా లాగబోతే రూతు చెయ్యి వెనక్కొచ్చి ఆమె వేళ్ళు పట్టుకుంది. సరోజిని అక్కడికి ఆపేసింది. వచ్చినంత ముక్క చినిగి చేతిలో ఉండిపోయింది. మర్నాడు ఇంకో జానెడు వచ్చింది. సరోజిని ముక్కలన్నీ ఉతికి, ఆరేసి, ఒకదానికొకటి కలిపి కుట్టుకుంటూ వచ్చింది. మొదట వచ్చిన ముక్క చివర చినగలేదు. కత్తితో కోసినట్టు నున్నగా ఉంది.

గజం గుడ్డ అయ్యాక ఆమె సెలవడిగి, దాన్ని మడిచి చేతిసంచిలో పెట్టుకుని దివిసీమ బయల్దేరింది. చల్లపల్లి మీదుగా బస్సు, పులిగడ్డ రేవులో పడవ, అవనిగడ్డ నించి ఒంటెద్దు బండి. దారిపొడుగునా పొలాలు ఉప్పుతేలి తెల్లగా ఉన్నాయి. ఆడది ఒంటరిగా ఎక్కడికమ్మా అని బండివాడు అడిగాడు. ఒక పిల్ల ఎవరో కనుక్కోడానికి అంది.

నాగాయలంక దాటి, మడ అడవి వైపు పల్లెల్లో కనపడ్డవాళ్ళందరికీ గుడ్డ చూపించింది. చాలామంది తల అడ్డంగా ఊపారు. కొందరు గుడ్డ చూడకుండానే తమ వాళ్ళ పేర్లు చెప్పి, బందరులో కనిపించారా అని ఎదురడిగారు. ఆ పేర్లన్నీ ఆమె వింది. ఎవరికీ అవునని చెప్పలేకపోయింది.

చివరికి రత్తయ్య అనే గీతకార్మికుడు గుడ్డ అంచుని వేలితో తడిమి చూసి కిందకూలబడ్డాడు.

"ఇది కోసింది నేనేనమ్మా."

"ఎక్కడ?"

"అదిగో, ఆ మొండితాడికి. నీళ్ళు తీసిన పొద్దున చూశాను. పిల్ల వేలాడతా ఉంది. జడని చెట్టుకేసి చీరతో చుట్టి చుట్టి ముడేశారు. ఒక ముడి కాదు. తడిసి బిగిసిపోయి నా వల్ల కాలేదు. మొలలో కత్తి తీసి కోశాను. కోస్తుంటే అరిచింది చూడండి, ఆ అరుపు ఇప్పటికీ వినపడతది. బతికించాననుకున్నాను గానీ, అదేమో నేనేదో తెంపేసినట్టు చూసింది. ఎవరి పిల్లో తెలీదు, మాది ఈ లంక కాదు. పడవొస్తే ఎక్కించాను."

"కట్టినావిడ?"

అతను సముద్రం వైపు చెయ్యి చూపించాడు.

ఆ మొండితాడి దగ్గర్లో మిగిలినవి నాలుగు గుడిసెలు. ఒకదాని ముందు నాంచారమ్మ అనే ఆవిడ రొయ్యలు ఎండేస్తోంది. సరోజిని గుడ్డ విప్పగానే ఆవిడ చేతిలో చేట జారిపోయింది.

"ఇది నా చీరండీ. మా అక్క అడిగి కట్టుకెళ్ళింది. నేను ఆ రోజు కోడూరులో ఉన్నాను. వచ్చేసరికి అక్కా లేదు, పిల్లా లేదు. ఇద్దరికీ కలిపి దినం కూడా చేసేశాను." గుడ్డని రెండు చేతులా దగ్గరికి లాక్కుంది. "పిల్ల ఉందాండీ? అంకమ్మ ఉందా?"

సరోజిని ఇన్నాళ్ళూ వెతికింది ఈ మనిషి కోసమే. ఈ మనిషి దొరక్కుండా ఉంటే బాగుండునని లోపల ఇంకెవరో అన్నారు. ఆ ఇంకెవరో కూడా తనే.

"ఉందమ్మా. బందరు అనాథాశ్రమంలో బాగానే ఉంది. వచ్చి తీసుకెళ్ళు" అంది.

ఆమె ఆశ్రమానికి తిరిగొచ్చిన మధ్యాహ్నం తూర్పుగాలి వీస్తోంది. రూతు కిటికీలో ఉంది. జడ ఊచకి బిగించి ఉంది. ఆయా చాటునుంచి, "పొద్దుట్నించీ అంతేనండీ" అంది. సరోజిని ముడి జోలికి పోలేదు. చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని, తనూ ఆ కిటికీ గట్టు ఎక్కి పక్కన కూర్చుంది. గోడకి ఆనుకుని చాలాసేపు గాలి విన్నారు ఇద్దరూ.

"అంకమ్మా" అంది.

పిల్ల తల తిప్పబోయింది. జడ పట్టేసింది.

"మీ అమ్మ కట్టింది కదూ నిన్ను. గట్టిగా కట్టింది. ముడి ఊడలేదు. అంత నీళ్ళొచ్చినా ఊడలేదు. నిన్ను చెట్టు మీంచి దించిన రత్తయ్య కోసింది చీరనే. మీ అమ్మ వేసిన ముడి అలాగే ఉంది, నేను చూశాను."

అది అబద్ధం. ఆమె చూసింది మొండితాడిని మాత్రమే. కానీ ఆ మాట అంటుంటే నిజంగానే చూసినట్టనిపించింది.

పిల్ల చేతులు మెల్లగా పైకి లేచాయి. తన ముడులు తనే విప్పుకోవడం మొదలుపెట్టింది. ఆఖరి ముడి ఊడగానే జడ వదులై, జుట్టులోంచి నీలం చీర జారడం మొదలైంది. జానెడు కాదు, గజం కాదు, ఆగకుండా జారుతూనే ఉంది. కిటికీ గట్టు మీంచి నేల మీదికి, నేల మీంచి గడప దాకా కుప్పగా పడింది. చివర కొంగు వచ్చింది. కొంగున ఎప్పటిదో వక్క ముక్క మూటకట్టి ఉంది. పిల్ల ఆ కొంగు మొహానికి అదుముకుని, వచ్చిన ఇన్ని నెలల్లో మొదటిసారి, పెద్దగా ఏడ్చింది. సుగుణమ్మ గరిటె పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడిపోయింది. ఎవరూ ఊరుకోమనలేదు.

మర్నాడు జుట్టులోంచి ఏమీ రాల్లేదు. గాలి లేస్తే ఇంకా కిటికీ దగ్గరికి పోయేది. ఒకటే ముడి వేసుకునేది. రాజారత్నం గారు మద్రాసుకి రాయాల్సిన ఉత్తరం సంగతి మళ్ళీ ఎత్తలేదు.

నాంచారమ్మ వారం తిరక్కుండా వచ్చింది. గేటు దగ్గర ఆవిణ్ణి చూసి పిల్ల "పిన్నీ" అంది. బొంగురు గొంతు. ఆ పిల్ల గొంతు అలా ఉంటుందని సరోజినికి అప్పుడే తెలిసింది.

పులిగడ్డ రేవు దాకా ఆమె వాళ్ళతో వెళ్ళింది. పడవ అవతలి ఒడ్డున ఉంది. పిల్ల నీళ్ళంచున మడిచిన నీలం చీర ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నాంచారమ్మ సంకోచిస్తూ దగ్గరికి జరిగింది.

"మేట్రన్ గారూ, ఇది ఇదివరకటి పిల్ల కాదండీ. నాకు భయంగా ఉంది. గాలొస్తే ఏం చెయ్యాలి?"

"కట్టుకోనీ. విప్పొద్దు. పక్కన కూర్చో. తనే విప్పుకుంటుంది."

"ఇంకా?"

"కత్తిపీట గానీ కొడవలి గానీ దాని వెనక నించి తీసుకురావద్దు. ముందు చూపించి, ఎందుకో చెప్పి, అప్పుడు తియ్యి. తలుపు వేసి గడియ పెట్టకు, ఓరగా ఉంచు. అన్నం వద్దంటే బతిమాలకు, పక్కన పెట్టి నీ పని నువ్వు చూసుకో, తింటుంది. గోడవైపు తిరిగి పడుకోదు. కోపం వస్తే కరిచే ముందు కింది పెదవి లోపలికి లాక్కుంటుంది, అప్పుడు చెయ్యి తీసేసుకో."

నాంచారమ్మ ప్రతి మాటా పాఠంలా తిరిగి అప్పజెప్పుకుంటోంది. చెప్పేకొద్దీ సరోజినికి ఇంకా గుర్తొస్తున్నాయి. ఇంత తెలుసని ఆమెకే తెలీదు. ఒక్కొక్కటీ చెప్పగానే అది తన దగ్గర్నించి వెళ్ళిపోయి ఆవిడదైపోతోంది.

పడవ వచ్చింది. పడవవాడు అబ్బులు గెడ పట్టుకుని, "ఎక్కండి, ఎక్కండి, పోటు మారుతోంది" అని కేకేశాడు. పిల్ల పిన్ని చెయ్యి పట్టుకుని ఎక్కింది. కూర్చున్నాక ఒకసారి వెనక్కి చూసింది. చెయ్యి ఊపలేదు. సరోజిని కూడా ఊపలేదు.

చెప్పని సంగతి ఒకటి మిగిలింది. కావాలనే చెప్పలేదు. అదొక్కటీ తన దగ్గర ఉంచుకుందామనుకుంది. పడవ ఏటి మధ్యకి పోయేదాకా ఉంచుకుంది కూడా. ఆ తర్వాత ఒక్కసారిగా చెప్పులు వదిలేసి, మోకాలి లోతు నీళ్ళలోకి దిగి, నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టుకుని అరిచింది.

"నాంచారమ్మా! దానికి ఒంట్లో బాగోకపోతే చెప్పదు! ఎడమ చెవి లాక్కుంటుంది! చెవి లాక్కుంటే ఒళ్ళు పట్టుకు చూడు!"

గాలికి ఎంతవరకు చేరిందో తెలియలేదు. పడవలో నాంచారమ్మ లేచి నిలబడింది.

"ఎడమ చెవే కదండీ?"

"ఎడమ చెవే!"

రేవులో బట్టలుతుకుతున్నవాళ్ళు తలెత్తి చూశారు. పడవ అవతలి ఒడ్డు ఇసుకని ఆనుకుని, ఇద్దరు మనుషులు దిగి, కట్ట ఎక్కి కనపడకుండా పోయేదాకా సరోజిని నీళ్ళలోనే నిలబడింది. తర్వాత చెప్పులు చేత్తో పట్టుకుని బస్సు ఆగేచోటు వైపు నడిచింది.