కొమురవ్వ వాపసు తీసుకున్న మాట

రండి, దగ్గరికి జరిగి కూర్చోండి, ఆ గుసగుసలు కాసేపు కట్టిపెట్టండి, రైలు అప్పుడే కదిలిపోయింది, మీకోసం ఆగదు. సూరత్ నుంచి సిరిసిల్లకు నేరుగా పోయే రైలు అది. అలాంటి రైలు లేదని నాతో వాదించకండి, ఇది స్వరూప కల, కలలో ఉంది. సీట్లు ఉండాల్సిన చోట సాంచాలు, అవే మరమగ్గాలు, టకటకలాడుతూ నేస్తుంటాయి, నేసిన బట్ట కిటికీలోంచి జారి ముందుకు పోయి పొలాల మీద పరుచుకుంటుంది, రైలు ఆ బట్ట మీదే నడుస్తుంది, ఒక్క పోగు తెగితే అందరూ బురదలోకే. పై బెర్తు మీద ఒళ్ళో చాట పెట్టుకుని బీడీలు చుడుతూ కూర్చుని ఉంటుంది స్వరూప అత్త కొమురవ్వ. ఆమె పోయి ఏడాది దాటింది. స్వరూపకు భయం వేయదు, ఒళ్ళు మండుతుంది.

"సచ్చినంక గూడ ఈ పని బందు పెట్టవా, అత్తమ్మా?"

"ఆడ అందర్ని ఊకె కూసోవెడ్తరు పిల్లా. పానం వోతది."

స్వరూప కూతురు సహస్ర కింద నేల మీద కూర్చుని దారపు కండెను గిరగిరా తిప్పుకుంటూ ఉంటుంది. పిల్లకు అయిదేళ్ళు నిండాయి. అమ్మా అనదు, పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడదు. ఎడమవైపు కిటికీలోంచి సూరత్ వాడకట్టు ఆడవాళ్ళు తలలు దూర్చి పిల్ల పేరడుగుతారు. "దానికి తెలుగే వస్తది, మీ బాస రాదు," అని పైనుంచే కేకేస్తుంది కొమురవ్వ. రైలు మలుపు తిరగ్గానే కుడివైపు కిటికీలో సిరిసిల్ల చుట్టాలు ప్రత్యక్షమై, "నీ పేరేంది బిడ్డా?" అంటారు. "దానికి గుజరాతీనే వస్తది, మన బాస మరిచింది," అంటుంది అదే నోటితో. రెండు కిటికీల వాళ్ళూ అలాగా అని తలలూపి వెళ్ళిపోతారు. బతికున్నన్నాళ్ళూ ఆమె చేసింది ఇదే. అక్కడికొక మాట, ఇక్కడికొక మాట చెప్పి, పిల్లకు అసలు ఏ మాటా లేదన్న సంగతి ఎవరికీ కనపడనివ్వలేదు.

"ఎన్నొద్దులు దాస్తవు అత్తమ్మా?" అంటుంది స్వరూప. "బడి మేడం పెద్ద దవాఖానకు తీస్కపొమ్మంటున్నది. ఎదుగుదల సరిగలేని పిల్లల్ని సూశి, మాటలు నేర్పేటోళ్ళు ఉన్నరంట. నీ కొడుకు కాలు బయట పెట్టనిస్తలేడు. 'నేను గూడ అయిదేండ్లకే మాట్లాడిన, బిడ్డ గూడ గంతే, మా అమ్మ చెప్పింది, అమ్మ మాట దాటను' అంటడు. అయిదు నిండినయి, ఇప్పుడు ఆరంటున్నడు. నీ మాట నువ్వు వాపసు తీస్కో."

"చాయ తాగుతవా?" అంటుంది కొమురవ్వ.

రైలు ఆగుతుంది, చాయ్‌వాడు వచ్చి కెటిల్ వంచి గ్లాసు నిండా పొగలు కక్కే ఎర్రదారం పోసిపోతాడు. ఆ గ్లాసు పట్టుకుని స్వరూప మళ్ళీ అడుగుతుంది, అడిగినప్పుడల్లా పై బెర్తు ఒక అంతస్తు పైకి జరుగుతుంది, స్వరూప సాంచం మీద కాలు పెట్టి, బట్ట తాన్ల గుట్ట మీద కాలు పెట్టి, ఎక్కీ ఎక్కీ, రైలు కప్పు దాటి మబ్బులు మోచేతులకు రాసుకునే చోట అత్త కాళ్ళు రెండూ పట్టేసుకుంటుంది. మొక్కడానికి కాదు, జారిపోకుండా.

"నిజం చెప్పు. నీ కొడుకు ఎన్నేండ్లకు మాట్లాడిండు?"

"నాకేమెరుక పిల్లా. పొద్దందాక చాట మీదికెల్లి తల ఎత్తితినా? వాడు మాట్లాడుకుంటనే తిరిగిండో, ఊకున్నడో, ఎవలు సూశిండ్రు?"

"మరి అయిదని ఎట్ల చెప్పినవ్?"

"నువ్వు ఏడుస్తుంటివి. మూడని చెప్దమంటె అది అప్పటికే దాటిపాయె, పదంటె నువ్వు ఇంకింత ఏడుద్దువు. అయిదు మంచిగనిపిచ్చింది."

స్వరూపకు నవ్వాలో, ఆ నెరిసిన కొప్పు పట్టుకుని ఊపాలో తెలియదు. వంకాయలు బేరమాడినట్టు పిల్ల బతుకును అయిదు దగ్గర ఖాయం చేసిందన్నమాట.

"అయితె ఈ ముచ్చట పోయి నీ కొడుక్కు చెప్పు."

"పోలేదనుకున్నవా? పోయీ పోయీ నా కాళ్ళు గుంజుతున్నయి. వాడు రెండు షిఫ్టులు చేసొచ్చి మొద్దులెక్క పడిపోతడు. కల పడితె గద నేను దూరేది. వాని నిద్రకు తలుపే లేదు."

కొమురవ్వ చేతిలోని బీడీకి దారం బిగించి, మొదటిసారి చాట పక్కన పెడుతుంది. "మనుమరాల్ని ఎవలన్న ఒక్క మాటంటె ఓర్వకపోదును. అందుకే రెండు దిక్కుల నోర్లు మూపిచ్చిన. నువ్వే చెప్పు పిల్లా. అమ్మ అన్న మాట అమ్మనే వాపసు తీసుకున్నదని చెప్పు. ఇగ దిగు, ఎంతసేపు కూసుంటవ్?" అంటూ స్వరూప కొంగు పట్టి బర్రున లాగుతుంది, రైలూ మబ్బులూ ఆ లాగుడుకు పక్కకు ఒరిగిపోతాయి.

స్వరూప కళ్ళు తెరిచింది. మధ్యాహ్నపు ఎండ సూరత్‌లోని వాళ్ళ గదిలోకి పడుతోంది, కింది షెడ్డు సాంచాలకు గోడ అదురుతోంది. కొంగును ఇంకా ఎవరో లాగుతూనే ఉన్నారు. సహస్ర ఆమె ముఖంలోకి చూడకుండా, కొంగును పిడికిట్లో బిగించి తలుపు వైపు లాగుతోంది.

షిఫ్టు దిగి వచ్చిన మొగుడు దశరథం గడపలో చెప్పులు విడుస్తున్నాడు. స్వరూప లేచి కలంతా ఒక్క గుక్కలో చెప్పేసింది, అయిదు సంగతి కూడా. అతను ఒక్కటే అడిగాడు.

"బీడీలు సుడుతున్నదా?"

"సుడుతనే ఉన్నది."

"అయితె అమ్మనే," అని, విడిచిన చెప్పులు మళ్ళీ తొడుక్కుని పిల్లను ఎత్తుకున్నాడు.

మెట్ల మీద బియ్యం చెరుగుతున్న కింది గది సత్తవ్వ ఎటు పోతున్నారని అడిగింది, పిల్లకు మాటలు రావట్లేదు, దవాఖానకు అని విని, చాట ఆపి చాలా లోతుగా ఆలోచించింది.

"పోతె పోండ్రి గని," అంది, "ఆ డాక్టరు గుజరాతాయన. మన పిల్ల తెలుగుల మాట్లాడుతలేదని ఆయనకెట్ల తెలుస్తది?"