అడుగు తాకని గరిటె

నేను ఒక రాగి గుండిగను. మసీదు వెనక సామాన్ల గదిలో, చిరిగిన చాపల పక్కన, బోర్లా పడి ఉన్నాను. బోర్లా ఉన్న పాత్రకు ఆలోచించడం తప్ప వేరే పని ఉండదు.

నన్ను చేసింది కంచరి వీధిలో. రేకును సుత్తితో కొట్టి, కాల్చి, మళ్లీ కొట్టి నాకు పొట్ట తీశారు. కొనడానికి వచ్చినవాడు నాగూర్ మీరా. దూదేకులాయన. ఊళ్లో సగం ఇళ్ల పరుపులు ఆయన ఏకిన దూదివే. తలలో, కనుబొమల్లో కూడా దూది పోగులు అంటుకుని ఉన్నాయి. వెంట ఖాదర్‌వలీ అనే యువకుడు రిక్షా తెచ్చాడు.

"పేరు చెక్కమంటావా మీరా?" అని అడిగాడు కంచరి.

"వద్దులే అన్నా. ఇచ్చింది ఎవరో పైనున్న ఆయనకు తెలుసు. చాలదూ?"

అలా పేరు లేకుండానే నేను మసీదుకు చేరాను, రంజాను గంజి కోసం.

ఆ గంజి సంగతి చెప్పాలి. బియ్యపు నూక, పెసరపప్పు, కాసిని మెంతులు, అల్లం వెల్లుల్లి, కైమా, పుదీనా. మధ్యాహ్నం పొయ్యి మీద పెడితే సాయంత్రపు అసర్ నమాజు వేళకు ఉడుకుతుంది. రోజంతా ఉపవాసం ఉన్న కడుపుకి అంతకంటే మెత్తని తిండి లేదు. అయితే గంజికో గుణం ఉంది. కదపకుండా ఉంచితే పప్పూ కైమా అడుగుకు దిగిపోతాయి, పైన నీళ్లే తేలతాయి. అందుకని పోసేవాడు ప్రతి గిన్నెకూ గరిటెను అడుగు దాకా దింపి, తిప్పి, అప్పుడు తోడాలి. కొంచెం చెయ్యి నొస్తుంది. ధర్మమంటే నాకు తెలిసింది అంతే: కొంచెం చెయ్యి నొయ్యడం.

మొదట్లో అలాగే తోడేవారు. తర్వాత మసీదు కమిటీకి సుభానీ సాహెబ్ ప్రెసిడెంటయ్యారు. చెడ్డ మనిషి కాదు. ఆయనకు ఇనుము దుకాణం ఉంది, తూకంలో ఒక్క మేకు కూడా తగ్గించరు. నాకు కళాయి పోయి చిలుము పడుతుంటే సొంత ఖర్చుతో కొత్త కళాయి వేయించారు. కళాయి దుకాణం నుంచి తిరిగొచ్చేసరికి నా మెడ చుట్టూ చుక్కల అక్షరాలు ఉన్నాయి: సుభానీ సాహెబ్ తండ్రి గారి జ్ఞాపకార్థం. కళాయి పెట్టించింది ఆయనే, అది నిజం. చదివినవాళ్లు గుండిగ కూడా ఆయనదే అనుకుంటారు, అదీ నిజం. ఖాదర్‌వలీ అప్పటికి మసీదు వంటవాడు. ఆ అక్షరాల మీద వేలు పోనిచ్చి, నన్ను పొయ్యి మీదికి ఎక్కించాడు.

ఆ తర్వాత గరిటె అడుగు తాకడం మానేసింది. ఆడవాళ్లంతా పక్క గేటు దగ్గర డబ్బాలతో వరసకట్టేవారు. ఖాదర్‌వలీ పైపైన తేలినది పోసేవాడు. నాలో మూడో వంతు మిగలగానే "అయిపోయిందమ్మా" అని మూత పెట్టేవాడు. అప్పుడు వెనక తలుపు నుంచి కమిటీ వారి క్యారియర్లు వచ్చేవి. వాటికి మాత్రం అడుగు దాకా గరిటె దిగేది. శుక్రవారం ప్రసంగంలో, అదే బయానులో, ఇమాము హజరత్ గారు కొలతల్లో తగ్గించేవాళ్ల గతి ఏమవుతుందో చెప్పి కన్నీళ్లు పెట్టుకుంటే, సుభానీ సాహెబ్ కూడా కళ్లు తుడుచుకునేవారు. నాకు ఒళ్లు మండేది. పొయ్యి మీద ఉండి కాదు.

ఆ వరసలోనే సైదాబీ నిలబడేది. నాగూర్ మీరా కూతురు. మిరపకాయల గోడౌనులో తొడిమలు తీసే పని. చేతులు ఎప్పుడూ మంటే. మీరాకు పళ్లూడిపోయాయి, పరుపుల పనీ పోయింది. రోజా ఉపవాసం మాత్రం వదలడు. పని నుంచి పరుగున వచ్చి ఆమె తీసుకెళ్లే ఈ గంజే ఆయన ఇఫ్తారు. ఒకరోజు ఆయన కూడా కర్ర పట్టుకుని కూతురి వెంట వచ్చాడు. డబ్బాలోకి చూసి సైదాబీ గొణిగింది.

"ఇందులో మొహం చూసుకోవచ్చు నాయనా. చెప్పేస్తా ఇవాళ, ఈ గుండిగ మనదని."

"మనదేందే? ఇచ్చేసింది మనదెట్టయిద్ది?"

"అయితే వాళ్లదెట్టయింది?"

"పైనాయన చూస్తన్నాళ్లే సైదా."

"ఆయన చూస్తానే ఉన్నాడు నాయనా. గరిటే తిరగట్లా."

ముసలాయన నవ్వబోయి దగ్గాడు. అటుపైన రోజు రోజుకూ ఆయన నీరసించాడు. వరసకు రావడం మానేశాడు.

మరొక రోజు సైదాబీ డబ్బాను నా అంచు మీద పెట్టి, మూత తియ్యలేదు.

"మామా, కింద నుంచి తిప్పి పొయ్యి."

ఖాదర్‌వలీ ప్రెసిడెంటు వైపు చూశాడు.

"ఏమ్మా, ఇదేమన్నా హోటలా?" అన్నారు సుభానీ సాహెబ్. "సవాబు కోసం, పుణ్యానికి పెట్టే గంజికి కూడా పేర్లు పెడతారా?"

"నాకొక్కదానికే కాదు సాహెబ్ గారూ. అందరికీ తిప్పి పొయ్యమంటన్నా."

ఆ అందరూ ఆమె వెనకే ఉన్నారు. "అమ్మే సైదా, పట్టుకుని జరుగు. అజా ఇచ్చే వేళయితంది" అంది ఒకామె. "నీ నోటి మూలాన మాకీ నీళ్లు కూడా లేకుండా పోతాయి" అంది ఇంకొకామె. ఎవరి కోసం అడిగిందో వాళ్లే ఆమెను తోశారు. సైదాబీ పెదవులు విడివడ్డాయి. చెబుతుందనుకున్నాను. నా రాగి అంతా చెవులై ఎదురుచూసింది. ఆమె నా మెడ మీది అక్షరాలు చూసింది, నోటిదాకా వచ్చిన తండ్రి పేరు మింగింది, ఖాళీ డబ్బాతో వెళ్లిపోయింది. ఆ సాయంత్రం మీరా ఖర్జూరంతో, మంచినీళ్లతో రోజా విప్పి ఉంటాడు.

ఖాదర్‌వలీ ఆగలేకపోయాడు. మూత పెడుతూ, "సాహెబ్, ఈ గుండిగ ఇచ్చింది ఆమె నాయనే. రిక్షా తొక్కింది నేనే" అన్నాడు.

సుభానీ సాహెబ్ నిజంగానే నొచ్చుకున్నారు. "అరే, ముందే చెప్పొద్దా! రేపటి నుంచి వాళ్లకూ ఒక క్యారియర్ పంపు. అడుగుది." సమస్య తీరిపోయిందనుకున్నారు. అన్యాయం గురించి మొరపెట్టుకున్నవాడికి అందులో వాటా ఇవ్వడమే న్యాయమని పెద్దమనుషులకు ఎవరు నేర్పుతారో నాకు తెలియదు.

మరుసటి రోజు వరస మొదలవకముందే మీరా ఇంటికి క్యారియర్ వెళ్లింది. కాసేపటికి సైదాబీ అదే క్యారియర్‌తో పక్క గేటు దగ్గరకు వచ్చింది. వరసలో నిలబడింది. తన వంతు రాగానే గిన్నెల మూతలు తీసి, చిక్కని గంజి మొత్తం నాలోకి ఒంపేసింది.

"నాయన పంపాడు మామా. వరసలో వాళ్లకు లేనిది మాకొద్దన్నాడు. కలిపి పొయ్యి."

 ఖాదర్‌వలీ గరిటె దించాడు. ఒంపినది కలపాలంటే తిప్పక తప్పదు మరి. అడుగు దాకా తిప్పాడు. నా అడుగు గరగరమంది, అక్కడ ఒక గీత పడింది. పప్పు పైకి లేచింది, కైమా పైకి లేచింది. నిన్న ఆమెను తోసిన ఆడమనిషి తన డబ్బాలోకి చూసుకుని, తలెత్తకుండా వెళ్లిపోయింది. సైదాబీ డబ్బా కూడా అందరి డబ్బాల్లాగే నిండింది. ఆ రోజు వెనక తలుపు దగ్గరి క్యారియర్లు ఖాళీగా తిరిగి వెళ్లాయి.

ఇక్కడితో కథ ఆగితే బాగుండేది. తెల్లారి గరిటె మళ్లీ పైపైనే తిరిగింది. మీరా ఆ పండుగ చూడలేదు. మరుసటి రంజానుకు కమిటీ తేలికపాటి అల్యూమినియం డేగిశాలు రెండు కొన్నది. ఒకటి వరసకు, ఒకటి క్యారియర్లకు. వరస డేగిశాలో అడుగున కూడా నీళ్లే కాబట్టి, ఇప్పుడు ఎవరూ ఎవరినీ తిప్పి పొయ్యమని అడగలేరు. నేను ఇక్కడికి వచ్చి పడ్డాను. పాత సామాన్ల వాడు వచ్చి నన్ను ఒకసారి కొట్టి చూసి వెళ్లాడు.

గోడ అవతల నుంచి బయాను వినిపిస్తుంది. లెక్క తేల్చే రోజున నేల కూడా నోరు విప్పి, తన మీద జరిగింది చెబుతుందట. నేల చెబితే రాగి చెప్పదా? కరిగించినా, బిందె చేసినా, తీగలు లాగినా చెబుతాను. నా మెడ మీద ఎవరి పేరుందో ఆ రోజు ఎవరూ అడగరనుకుంటాను. గరిటె ఎందాకా దిగిందని అడుగుతారు. దిగింది, ఒక్కరోజు దిగిందని చెబుతాను. ఆ గీత ఇంకా నా అడుగున ఉంది.